పటంలో ఆకుపచ్చ రంగు వేసిన చోటు

(ఒక కాలనీ నడక బృందం వార్షిక సమావేశంలో, పాఠశాల ఆవరణలో, టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయమ్మా, ఇటు వచ్చి కూర్చోండి. మైకు బాగానే వినిపిస్తోందా? సరే.

పోయిన నెల ఇదే చోట డాక్టరు గారు మాట్లాడారు. షుగరు గురించి, బీపీ గురించి చాలా చక్కగా చెప్పారు. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు చురుగ్గా నడవండి అన్నారు. అందరం తలూపాం. అంతా అయిపోయి లేస్తుంటే వెనక వరసలో ఉన్న ఒకావిడ అడిగింది, ‘ఎక్కడ నడవమంటారు డాక్టరు గారూ?’ అని. వాళ్ళ వీధిలో కుక్కలు, రోడ్డు మీద లారీలు, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు. ఈ స్కూలు గేటు సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు. ఆవిడకు వంట పని అయ్యేసరికే ఎనిమిది. డాక్టరు గారు కాసేపు ఆలోచించి, ‘దానికి నా దగ్గర మందు లేదమ్మా’ అన్నారు.

ఆ ప్రశ్న వైద్యానిది కాదు, భూమిది. ఏ స్థలంలో ఏం కట్టాలి, ఏం కట్టకూడదు, ఎంత జాగా అందరికీ వదలాలి అని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందో, జవాబు చెప్పాల్సింది వాళ్ళు. నేను 31 ఏళ్ళు ఆ కాగితాల మధ్యే బతికాను. అందుకే సెక్రటరీ గారు ఈసారి నన్ను మాట్లాడమన్నారు.

ముందు ఈ జబ్బు ఎంత పెద్దదో రెండు అంకెల్లో చెప్పి ముందుకు వెళ్తాను. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. చాలినంత శారీరక శ్రమ లేని పెద్దవాళ్ళు దాదాపు సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో లెక్క తేల్చారు. మగవాళ్ళలో వందకు 42 మంది, ఆడవాళ్ళలో 57 మంది. ఆ తేడా చూడండి. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి పనిచేసే మనిషికి శ్రమ చాలడం లేదంటే ఆవిడ బద్ధకస్తురాలు కాదు. ఆ పని వేరు, ఊపిరి ఎగబీల్చి చేతులు ఊపుకుంటూ నడవడం వేరు. అలా నడవడానికి ఆవిడకు జాగా లేదు, ఉన్నచోట వెలుతురు లేదు.

ఇప్పుడు అధికారం సంగతికి వస్తాను. చాలామంది అనుకుంటారు, ‘నడవడం, ఆడుకోవడం ఎవరిష్టం వాళ్ళది, మధ్యలో ప్రభుత్వానికి ఏం పని’ అని. నిజమే, మిమ్మల్ని నడవమని ఏ ప్రభుత్వమూ బలవంతం చేయలేదు, చేయకూడదు కూడా. కానీ నడిచే వీలు కల్పించడం దాని పని. రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ప్రజారోగ్యం ఉంది, భూమి ఉంది, క్రీడలు కూడా ఉన్నాయి. ప్రజల ఆరోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రధాన విధుల్లో ఒకటని 47వ అధికరణం చెబుతుంది. 1992లో 74వ సవరణ వచ్చి పన్నెండో షెడ్యూలు చేర్చింది. మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 పనులు అందులో ఉన్నాయి. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ. పన్నెండోది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. ఇది ఎవరో దయతలిచి ఇచ్చే సౌకర్యం కాదు. రాజ్యాంగంలో అచ్చయిన మాట.

అసలు టౌన్ ప్లానింగ్ అనేదే ఆరోగ్యం కోసం పుట్టింది. ఇంగ్లండులో పారిశ్రామిక నగరాలు కలరాతో అల్లాడిపోయాక ముందు ప్రజారోగ్య చట్టాలు వచ్చాయి, ఆ దారిలోనే 1909లో టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. మన దగ్గరికి అది 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం రూపంలో వచ్చింది. ఆంధ్ర ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి ఆ చట్టమే మనకూ వర్తించింది, తర్వాత ఆంధ్రప్రదేశ్ టౌన్ ప్లానింగ్ చట్టంగా కొనసాగింది. నేను ఉద్యోగంలో చేరిన రోజు మా సూపరింటెండెంటు గారు నా చేతిలో పెట్టిన మొదటి పుస్తకం అదే. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉండేది.

ఆ చట్టం ఏం చేయగలదో చూడాలంటే మద్రాసులో టీ నగర్‌కి వెళ్ళండి. మీలో చాలామంది పెళ్ళి చీరలకు, బంగారానికి వెళ్ళినవాళ్ళే. అది 1920లలో ప్లాన్ వేసి కట్టిన పేట. నడిబొడ్డున ఒక పార్కు వదిలి, దాని చుట్టూ రోడ్లు వేశారు. ఆ పార్కు పేరు పానగల్ పార్కు. ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి పానగల్ రాజా మన తెలుగువారు. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ శెట్టి గారూ తెలుగువారే. చెరువును పూడ్చి ఆ పేట కట్టారన్న బాధ నాకు ఉంది, అది దాచను. కానీ గజం ధర ఈ స్థాయికి చేరిన చోట, వందేళ్ళుగా, ఆ నాలుగు మూలల జాగా ఇంకా పార్కుగానే ఉందంటే దానికి కారణం ఆనాడు పటంలో గీసిన గీత. 2019లో అక్కడే పాండీ బజార్ వీధిలో వాహనాల జాగా తగ్గించి నడిచేవాళ్ళకు వెడల్పైన బాటలు వేశారు. కొనుక్కునేవాళ్ళు, ఊరికే తిరిగేవాళ్ళు, పిల్లల్ని చేయి పట్టుకుని నడిపించేవాళ్ళు అందరూ కనిపిస్తారు. వీలైతే ఈసారి చీరల షాపులోంచి బయటికి వచ్చాక ఒక అరగంట ఆ వీధిలో నడిచి చూడండి.

మన సంగతికి వద్దాం. మన రెండు రాష్ట్రాల లేఅవుట్ నిబంధనల్లో చాలా ఏళ్ళుగా ఉన్న మాట ఒకటి చెబుతాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. ఎవరైనా వెంచర్ వేస్తే మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లు దీనికి అదనం. ఆ జాగాను స్థానిక సంస్థకు ఉచితంగా గిఫ్ట్ డీడ్ చేసి ఇవ్వాలి. పది ఎకరాల వెంచర్ అయితే ఒక ఎకరం, అంటే 4,840 గజాలు. పటంలో ఆ ముక్కకు ఆకుపచ్చ రంగు వేస్తాం. నేను చేరిన కొత్తలో ట్రేసింగు క్లాత్ మీద చేత్తో వేసేవాళ్ళం. పసుపు ఇళ్ళకు, నీలం వ్యాపారానికి, ఆకుపచ్చ పార్కుకు, ఆటస్థలానికి.

ఎన్ని ఆకుపచ్చ ముక్కలు వేశానో లెక్కలేదు. వాటిలో ఎన్ని ఇవాళ పచ్చగా ఉన్నాయని అడిగితే నాకు నిద్ర పట్టదు.

ఎలా పోతాయో చెబుతాను, ఎందుకంటే ఒక్కరోజులో పోవు. ముందు అక్కడ కంప మొలుస్తుంది. పార్కు పనులకు డబ్బుల్లేవంటారు. తర్వాత ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక పోస్తారు, కంకర పోస్తారు. ఆ పక్కనే చిన్న రేకుల షెడ్డు లేస్తుంది. అది ఎవరి షెడ్డు అని ఎవరూ అడగరు. ఒక మూలన వాటర్ ట్యాంకు కడతారు, అది అవసరమే కదా అని అందరం ఊరుకుంటాం. ఇంకో మూలన గుడి, అక్కడ మాట్లాడటానికి ఎవరికీ నోరు రాదు. మిగిలిన దాంట్లో కమ్యూనిటీ హాలు. అన్నీ మంచి పనులే, అన్నీ మనకోసమే. చివరికి ఒక పదేళ్ళ పిల్లవాడు బంతి పట్టుకుని బయటికి వస్తే విసరడానికి చోటుండదు. నేను పుట్టి పెరిగిన వీధి వెనక జాగా ఇలాగే పోయింది. మేం కోతికొమ్మచ్చి ఆడిన వేపచెట్టు స్థానంలో ఇప్పుడు ఫంక్షన్ హాల్ పార్కింగు ఉంది. మా తమ్ముడి కూతురి పెళ్ళి ఆ హాల్లోనే చేశాం. భోజనాలప్పుడు చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఈ ‘మంచి పనులే కదా’ అన్న మాటకు సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. అది మీరు తెలుసుకోవాలి.

బెంగుళూరులో ఒక లేఅవుట్‌లో పార్కు కోసం జాగా వదిలారు. తర్వాత ఆ జాగాను ఆసుపత్రి కట్టుకోవడానికి ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇస్తూ ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. ఆలోచించండి, అది బారు కాదు, సినిమా హాలు కాదు, ఆసుపత్రి. ప్రజల ఆరోగ్యం కోసమే అన్నారు. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ‘మీ సొంత జాగా పోలేదుగా, మీకేం నష్టం, మీకేం హక్కు’ అన్న ప్రశ్న వచ్చింది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1991లో తీర్పు వచ్చింది. బెంగుళూర్ మెడికల్ ట్రస్ట్, ముద్దప్ప కేసుగా మా విభాగంలో అందరికీ తెలిసినది.

కోర్టు ఏం చెప్పిందో నా మాటల్లో చెబుతాను. గాలి పీల్చుకోవడానికి, పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు నడవడానికి వదిలిన జాగా ఆ ప్రాంతపు ప్రజలందరిదీ. ప్రైవేటు నర్సింగ్ హోం దానికి బదులు కాదు. పార్కులోకి డబ్బున్నవాడూ లేనివాడూ సమానంగా వెళ్తారు, నర్సింగ్ హోంలోకి అలా వెళ్ళలేరు. చట్టం చెప్పిన పద్ధతి ప్రకారం పథకాన్ని మార్చకుండా, పై నుంచి ఒక ఉత్తర్వుతో పార్కును ఇంకొకటిగా మార్చే అధికారం ఎవరికీ లేదు, ఎంత పెద్ద పదవిలో ఉన్నా సరే. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు కోర్టుకు వచ్చే హక్కు ఉంది.

నేను ఈ తీర్పు చదివినప్పుడు కొత్త ఉద్యోగిని. ఆసుపత్రి ఒక పక్క, పార్కు ఒక పక్క పెట్టి కోర్టు పార్కు వైపు నిలబడిందంటే మొదట ఆశ్చర్యపోయాను. తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ అర్థమైంది. పార్కులన్నీ పోతే ఎన్ని ఆసుపత్రులు కట్టినా సరిపోవు. ఇవాళ మన ఊళ్ళో ఆ వంద అడుగుల రోడ్డు పొడవునా చూడండి, మందుల షాపులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు ఎన్ని వచ్చాయో. ఆ రోడ్డు మీద పిల్లలు ఆడుకునే జాగా ఒక్కటి చూపించండి.

లక్నోలో జరిగింది ఇంకా గట్టిది. అమీనాబాద్‌లో ఝండేవాలా పార్కు అని ఉంది, స్వాతంత్ర్య పోరాటంతో ముడిపడిన చోటు. దాని కింద భూగర్భ షాపింగ్ కాంప్లెక్స్ కట్టడానికి స్థానిక సంస్థ ఒక బిల్డరుతో ఒప్పందం చేసుకుంది. పైన పార్కు అలాగే ఉంటుంది కదా అన్నారు. 1999లో సుప్రీంకోర్టు ఆ ఒప్పందం చెల్లదంది. కట్టినదాన్ని తీసేసి పార్కును మళ్ళీ యథాస్థితికి తేవాలని ఆదేశించింది. ప్రజల ఆస్తికి స్థానిక సంస్థ కాపలాదారే తప్ప యజమాని కాదన్నది అందులో సారం. హర్యానాలోని థానేసర్‌లో ఖాళీ స్థలాన్ని ధర్మశాలకు లీజుకిచ్చిన కేసులోనూ 1995లో ఇదే దారి.

‘మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవండీ’ అంటారు. నేనూ అన్నాను, కౌంటరు అవతల నిలబడ్డ మనిషితో ఎన్నోసార్లు అన్నాను. ఇవాళ అది తప్పని ఒప్పుకుంటున్నాను. మధ్యప్రదేశ్‌లో రత్లాం మున్సిపాలిటీ ఇదే మాట చెబితే 1980లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఒప్పుకోలేదు. చట్టం అప్పగించిన బాధ్యతకు డబ్బుల్లేవన్నది సాకు కాదన్నారు. అది మురుగు కాలువల కేసు. కానీ ఆ సూత్రం ఆటస్థలానికి ఎందుకు వర్తించదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ప్రభుత్వ అధికారానికి హద్దు ఉంది, ఉండాలి కూడా. మాస్టర్ ప్లాన్‌లో ఒక రైతు పొలానికి ఆకుపచ్చ రంగు వేసి, ‘ఇది పార్కు జోన్, నువ్వు ఏమీ కట్టకూడదు, అమ్మకూడదు’ అని ఇరవై ఏళ్ళు వదిలేస్తే అది అన్యాయం. 300ఎ అధికరణం ప్రకారం చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోవడానికి లేదు. పుణెలో ఒక ప్రైవేటు స్థలాన్ని తోట కోసం కేటాయించిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కేటాయించవచ్చు, కానీ సేకరించి పరిహారం ఇవ్వకుండా యజమానికి ఆ స్థలాన్ని లేకుండా చేయలేరు. పరిహారం ఇవ్వండి, లేదా టీడీఆర్ ఇవ్వండి, అంటే ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు ఇవ్వండి. ఏదీ ఇవ్వకుండా రంగు మాత్రం వేస్తే ఆ రైతు పార్కు అనే మాట వింటేనే భయపడతాడు. నా దగ్గరికి అలాంటివాళ్ళు వచ్చి ఏడ్చారు. లేఅవుట్‌లో వదిలిన 10 శాతం సంగతి వేరు. దాని ధర ప్లాట్ల ధరలో కలిపి మనమే కట్టేశాం. అది పోతే మన డబ్బే పోయినట్టు.

ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం గురించి మాట్లాడకుండా ఉండలేను. అనుమతి లేని వెంచర్లలో ప్లాటు కొన్నవాళ్ళు పేదవాళ్ళు, మధ్యతరగతివాళ్ళు. వాళ్ళను రోడ్డున పడేయలేం. క్రమబద్ధం చేయాల్సిందే. 2020లో తెలంగాణ తెచ్చిన పథకంలో, ఖాళీ స్థలం వదలని వెంచర్లో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలుగా కట్టమన్నారు. కట్టారు, రసీదు ఇచ్చారు. ఆ వీధిలో ఆటస్థలం మాత్రం రాలేదు, రావడానికి అక్కడ జాగా మిగల్లేదు. రసీదు మీద పిల్లలు పరిగెత్తలేరు కదా. ఆ డబ్బుతో ఆ చుట్టుపక్కలే, నడిచి వెళ్ళేంత దూరంలో స్థలం కొనాలని గట్టిగా కట్టడి చేస్తే బాగుండేది. ఇప్పటికైనా చేయవచ్చు. ఆ అధికారం ఉంది.

దూరం అన్నాను. దాని మీద కాసేపు ఆగుతాను. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకల నీడ. 2023లో మొదలైంది. బాగుంది, నేను వెళ్ళి చూశాను, సంతోషపడ్డాను. కానీ అక్కడికి సైకిళ్ళను కారు వెనక కట్టుకుని తెచ్చినవాళ్ళను ఎక్కువగా చూశాను. కారు లేనివాడికి, ఆ ట్రాకుకు ఆరు కిలోమీటర్ల అవతల బస్తీలో ఉన్న పిల్లకు అది లేనట్టే. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తారు. గజం భూమి కొనకుండా, ఒక ఉత్తర్వుతో, అదే రోడ్డు నడిచేవాళ్ళదైపోతుంది. మన చెరువు కట్ట మీద రోడ్డును ఉదయం ఐదు నుంచి ఏడున్నరదాకా అలా ఆపలేమా? కట్ట మీద ఆ వేళకు వచ్చేవి పాల వ్యాన్లు, నాలుగు ఆటోలు. బైపాస్ ఉంది కదా.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. డాలస్ శివార్లలో ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇల్లు బ్రహ్మాండంగా ఉంటుంది, గడ్డి బాగుంటుంది, ఇళ్ళ మధ్య నడక దారులూ ఉంటాయి. కానీ కొత్తిమీర కట్ట కావాలంటే కారు కావాలి. అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాలి. అది కూడా భూవినియోగ చట్టం చేసిన పనే. 1926లో అమెరికా సుప్రీంకోర్టు ఓహాయోలోని యూక్లిడ్ అనే ఊరి జోనింగును, అంటే ఏ పేటలో ఏం కట్టవచ్చో విడదీసే నిబంధనలను, సమర్థించింది. ఫ్యాక్టరీ పొగ ఇళ్ళకు దూరంగా ఉండాలన్నది మంచి ఉద్దేశమే, ఆరోగ్యం పేరుతోనే వచ్చింది. కానీ తర్వాత ఇళ్ళున్న చోట కిరాణా కొట్టు కూడా ఉండకూడదన్న దాకా వెళ్ళింది. జనం అడుగు తీసి అడుగు వేయడం మానేశారు. ఇప్పుడు అక్కడివాళ్ళే ఆ నిబంధనలు సవరించి, ఇళ్ళు, కొట్లు, బడి దగ్గర దగ్గరగా కలిసి ఉండేలా మార్చుకుంటున్నారు.

మన పాత బజార్లు చూడండి. కింద కొట్టు, పైన ఇల్లు. సాయంత్రం ఉల్లిపాయలకు వెళ్ళి, దారిలో నలుగురితో మాట్లాడి, గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి వచ్చేసరికి ఒక గంట నడక. దాన్ని వ్యాయామం అని మన నాయనమ్మలు ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు మన ఊరి చుట్టూ వస్తున్న గేటెడ్ కమ్యూనిటీలకు అనుమతులిచ్చేటప్పుడు ఆ సంగతి ఆలోచించాలి. ప్రహరీ గోడకు ఒక్క గేటే పెట్టి, అవతల వీధిలో ఉన్న బడికి రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగి వెళ్ళేలా చేయకూడదు. నడిచేవాళ్ళకు ఒక చిన్న దారి వదలమని షరతు పెట్టవచ్చు. ప్లాన్ అప్రూవల్ వేళ ఒక్క వాక్యం రాస్తే చాలు. నేను రెండుసార్లు రాశాను. ఒకచోట నిలిచింది, ఒకచోట గోడ కట్టేశారు.

ఫుట్‌పాత్‌ల గురించి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు, అది 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం, వికలాంగులు కూడా వాడుకునేలా ఉండాలి అని. కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డు లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు 2012 నుంచే చెబుతున్నాయి. ఈ మాట అనగానే కొంతమందికి తోపుడుబండ్లు గుర్తొస్తాయి, తీసేయించండి అంటారు. నేను ఒప్పుకోను. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది, టౌన్ వెండింగ్ కమిటీ పెట్టి వాళ్ళకు జాగా చూపించాలి. ఇడ్లీ బండి ఉన్న వీధిలో రాత్రి తొమ్మిదింటికి ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ వెలుతురు ఉంటుంది, మనుషులుంటారు. మన ఫుట్‌పాత్‌ను ఎక్కువగా తినేసింది బండ్లు కాదు, ఇంటి ముందు కట్టుకున్న మెట్లు, ర్యాంపులు, పార్కు చేసిన కార్లు. అవి ఎవరివో మనకు తెలుసు. మనవే.

బళ్ళ విషయం. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. హర్యానాలో భగవాన్‌పూర్ అనే ఊళ్ళో బడికి కేటాయించిన జాగాను కొందరు ఆక్రమించి ఇళ్ళు కట్టుకున్నారు. మార్కెట్ ధర కట్టించుకుని వాళ్ళకే ఇచ్చేయమంది హైకోర్టు. 2023లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆటస్థలం లేకుండా బడి ఉండకూడదంది, ఖాళీ చేయడానికి ఏడాది గడువిచ్చింది. మన ఊళ్ళో అపార్టుమెంటు మూడో అంతస్తులో నడిచే బళ్ళున్నాయి. ఆ పిల్లలు ఎక్కడ పరిగెత్తుతున్నారు? ఇటువైపు, మనం కూర్చున్న ఈ ప్రభుత్వ బడికి రెండెకరాల మైదానం ఉంది, సాయంత్రం ఐదుకు తాళం పడుతుంది. సాయంత్రం రెండు గంటలు, ఆదివారం పూర్తిగా చుట్టుపక్కల పిల్లలకు తెరవడానికి ఒక ఒప్పందం చాలు. వాచ్‌మన్ జీతం మన బృందం పెట్టుకుంటుందని నేను సెక్రటరీ గారితో చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

ఇంకొక్క మాట. కాస్త కష్టంగా ఉంటుంది, వినండి. మన రెండో వీధి పార్కులో ‘ఇక్కడ ఆటలు ఆడరాదు’ అని బోర్డు ఉంది. అది పెట్టించింది మనమే. క్రికెట్ బంతి ఒక పెద్దాయనకు తగిలిందని పెట్టించాం. చట్టం ఆ జాగాను వదిలించింది నడిచేవాళ్ళకోసం మాత్రమే కాదు. లేఅవుట్ కాగితంలో ‘పార్కు, ఆటస్థలం’ అని రెండు మాటలూ ఉన్నాయి. పిల్లల్ని తరిమేసి, ఆడపిల్లలు ఒక మూలన కూడా ఆడుకోలేని చోట మనం గుండ్రంగా తిరుగుతూ ఆరోగ్యం గురించి మాట్లాడుకోవడం నాకు బాధగా ఉంది. చిన్న కంచె వేసి సగం జాగా వాళ్ళకివ్వాలి. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకే ఉండాలి. ఈ తీర్మానం ఇవాళే పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. ప్రతి అప్రూవ్డ్ లేఅవుట్‌కు ఒక ఎల్‌పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్ ఉంటుంది. మీ సేల్ డీడ్‌లో రాసి ఉంటుంది, ఇంటికి వెళ్ళి చూడండి. ఆ నంబరుతో టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కాపీ అడగవచ్చు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయలతో దరఖాస్తు పెట్టవచ్చు. గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ అయిందా లేదా అన్నది రిజిస్ట్రారు ఆఫీసులో తెలుస్తుంది. అదే అసలైన కాగితం. అది కాకపోతే జాగా ఇంకా వెంచర్ వేసినాయన పేరు మీదే ఉంటుంది, ఆయన వారసులు రేపు అమ్ముతారు. రెండోది, పేపర్లో చిన్న అక్షరాలతో భూవినియోగ మార్పు ప్రకటనలు వస్తాయి, సర్వే నంబర్లతో. ఎవరూ చదవరు. మనం చదవాలి, గడువులోగా అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాటగా చెబితే ఫైల్లో ఉండదు. ఫైల్లో లేనిది కోర్టులో ఉండదు.

ఈ బల్ల మీద ఉన్నది మన కాలనీ లేఅవుట్ కాపీ. నిన్న జిరాక్స్ తీయించాను, రంగులు రాలేదు, అందుకే ఆ రెండు ముక్కలకు నేనే పెన్సిలుతో పచ్చరంగు వేశాను. ఒకటి మనం రోజూ నడిచే పార్కు. రెండోది ఆరో వీధి చివర, 1,210 గజాలు. అక్కడ ఇప్పుడు రేకుల షెడ్డు, సెంట్రింగు చెక్కలు ఉన్నాయి. ముప్పై ఏళ్ళ క్రితం ఆ కాగితం మీద సంతకం పెట్టిన ముగ్గురిలో ఒకడిని నేను. సోమవారం పదిన్నరకు కమిషనర్ గారి దగ్గరికి వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు సెక్రటరీ గారి దగ్గర పేరు రాయించండి. పోయిన నెల ‘ఎక్కడ నడవమంటారు’ అని అడిగినావిడ వచ్చారా? రండమ్మా, ముందు మీ పేరు రాద్దాం.